ఇంటి ఖర్చులో పొదుపు – రుణ వాయిదాకు భరోసా



పంట రుణం గురించి, విత్తనాల గురించి, యంత్రాల గురించి ఈ పుటలలో తరచు చదువుతుంటారు. ఈ పాఠంలో మాత్రం మీ వంటింటిని, పచారీ చీటీని గురించి చర్చించుకుందాం. రుణ వాయిదాకు, వంటింటికి సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. గడువు నాటికి బ్యాంకుకు చేరవలసిన సొమ్ము చాలా సందర్భాలలో పొలంలో నష్టపోయినందువల్లనే గాక, ఇంట్లో కొంచెం కొంచెంగా కరిగిపోయినందువల్ల కూడా తక్కువ పడుతుంది. పొలం నష్టాన్ని వాన మీదకో, ధర మీదకో నెట్టవచ్చు. ఇంటి ఖర్చు మాత్రం కుటుంబ సభ్యులందరి చేతిలో ఉన్న విషయం.

1. గ్రామీణ కుటుంబపు ప్రత్యేక సమస్య

నెల జీతగానికి ఆదాయం నెలకొకసారి వస్తుంది. వ్యవసాయ కుటుంబానికి ఏడాదిలో ఒకటి రెండు సార్లు కుప్పగా వస్తుంది. ఖర్చు మాత్రం ఇద్దరికీ ప్రతి దినమూ ఉండేదే. పంట సొమ్ము చేతిలో ఉన్న రెండు నెలలు ధారాళంగా వ్యయం చేయడం, మిగిలిన పది నెలలు అరువు మీద గడపడం మన పల్లెల్లో పరిపాటి అయింది. కాబట్టి మన పొదుపు సమస్య ‘ఎంత ఖర్చు’ అనేదానితో పాటు, ‘ఎప్పుడు, ఏ సొమ్ముతో ఖర్చు’ అనేదానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, 2023-24లో గ్రామీణ ప్రాంతాలలో తలసరి నెలసరి వ్యయం రూ. 4,122. ఉచితంగా పొందిన సరుకుల విలువ ఇందులో కలపలేదు. అంటే ఐదుగురు సభ్యులున్న ఇంటికి నెలకు ఇరవై వేల రూపాయలకు పైమాటే. ఇందులో బియ్యం, గోధుమ వంటి ధాన్యాలకు అయ్యేది సుమారు 5 శాతం కాగా, పానీయాలు, తయారైన తినుబండారాలు వగైరాలకు అయ్యేది దాదాపు 10 శాతం. అన్నానికి పెట్టే దానికంటే టీ కొట్టుకు, ప్యాకెట్ చిరుతిళ్లకు సగటున రెట్టింపు పెడుతున్నామన్నమాట. ఈ మాట మీ ఇంటికి వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలంటే లెక్క వ్రాయడం ఒక్కటే మార్గం.

2. మొదటి మెట్టు: అందరూ కలిసి వ్రాసే పద్దు

ఒక నోటు పుస్తకం చాలు. ఎడమ పుటలో జమ, కుడి పుటలో ఖర్చు వ్రాయండి. ఖర్చును నాలుగు వరుసలుగా విడదీయండి.

– తప్పనిసరి: తిండి, పిల్లల చదువు, వైద్యం, రుణ వాయిదా, బీమా.
– అవసరం: బట్టలు, విద్యుత్తు, గ్యాసు, ప్రయాణం, ఫోను.
– అలవాటు: కొట్టు టీ, చిరుతిండి, పొగాకు, మద్యం, వినోదం.
– అనుకోనిది: శుభకార్యాలు, చదివింపులు, మరమ్మతులు, అతిథులు.

బడికి వెళ్లే పిల్లలలో ఒకరికి వ్రాసే పని అప్పగించండి. వారికి లెక్కలలో అభ్యాసమూ అవుతుంది, ఇంటి స్థితిగతులూ తెలుస్తాయి. ఫోను ద్వారా చెల్లింపులు చేసేవారు రాత్రి భోజనమయ్యాక ఆ రోజు చెల్లింపుల జాబితాను తెరిచి పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. చేతి నుంచి నోటు వెళ్లినప్పుడు కలిగే జంకు ఫోను చెల్లింపులో కలుగదు కాబట్టి ఈ జాగ్రత్త అవసరం.

నెలాఖరున ఇంటిల్లిపాదీ కూర్చుని పద్దు చదువుకోవాలి. ఎవరినీ నిందించడానికి కాదు. యజమాని బీడీ ఖర్చు, పిల్లల చిరుతిండి, ఇల్లాలి చీరల వాయిదా అన్నీ ఒకే పుటలో కనబడితే, ఏది తగ్గించాలో అందరూ కలిసి నిర్ణయించుకోగలుగుతారు. ఒకరు శాసించిన పొదుపు వారం రోజులు నిలవడం కష్టం. అందరూ ఒప్పుకున్న పొదుపు ఏడాది పొడవునా నిలుస్తుంది.

3. అరువు ధరను గుర్తించండి

కొట్టులో ఒక బస్తా సరుకు రొక్కానికి రూ. 1,000 అనుకుందాం. ఐదు నెలల తరువాత, పంట చేతికి వచ్చాక ఇస్తానంటే రూ. 1,100 వ్రాసుకుంటారు. వంద రూపాయలే కదా అని సరిపెట్టుకుంటాము. కాని వెయ్యికి ఐదు నెలలకు వంద అంటే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. సంవత్సరానికి 24 శాతం! ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న సామెతలోని నష్టం ఇదే.

బ్యాంకు రుణంతో దీనిని పోల్చి చూడండి. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం క్రింద రూ. 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా తీర్చిన వారికి మరో 3 శాతం రాయితీ లభించి, నికర వడ్డీ 4 శాతమే అవుతుంది. లక్ష రూపాయల రుణంపై ఏడాదికి ఈ తేడా రూ. 3,000. గడువు దాటితే ఈ ప్రోత్సాహం పోవడమే గాక, బకాయిపై బ్యాంకు సాధారణ రేటు పడుతుంది. పథకం నిబంధనలను ఏటా మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో ఇంటి అవసరాలకూ చోటు ఉన్నదని చాలమందికి తెలియదు. సాగు ఖర్చుల మేరకు లెక్కగట్టిన పరిమితికి అదనంగా, కోతల అనంతర ఖర్చులకు, గృహ అవసరాలకు కలిపి 10 శాతం చేరుస్తారు. సాగుకు లక్ష మంజూరైతే ఈ పద్దు క్రింద పదివేలు. నెల నెలా ఎంత తీయాలో ముందే నిర్ణయించుకొని దీనిని వాడుకుంటే 24 శాతం అరువు నుంచి బయటపడవచ్చు. అయితే ఈ మేర దాటి, ఎరువుకు, మందుకు ఉద్దేశించిన సొమ్మును ఇంటికి మళ్లించరాదు. సకాలంలో పై ఎరువు పడని పంట, ఇంటి ఖర్చుకు తీసిన సొమ్ము కంటే ఎక్కువే నష్టం తెస్తుంది.

ఈ మధ్య నిమిషాలలో అప్పు ఇస్తామనే ఫోను యాప్‌లు పల్లెలకూ వచ్చాయి. వడ్డీ, రుసుములు, గడువు స్పష్టంగా వ్రాసి ఇవ్వని చోట రూపాయి కూడా తీసుకోవద్దు.

4. సరుకులు కొనడంలో మెలకువలు

కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి వంటివి కొత్త పంట మార్కెట్టుకు వచ్చే రోజులలో సాధారణంగా చవక. ఏడాదికి సరిపడా అప్పుడే కొని, ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలలో నిలవ చేసుకోవడం మన పెద్దల పద్ధతి. అయితే ఇక్కడ ఒక లెక్క ఉన్నది. సీజనులో కొనడం వల్ల 20 శాతం కలిసి వస్తుందనుకున్నా, ఆ కొనుగోలుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆరు నెలలకు తీర్చితే 12 శాతం వడ్డీకే పోతుంది. పురుగు పట్టిన భాగం పోను మిగిలేది స్వల్పం. సొంత సొమ్ముతో కొన్నప్పుడే నిలవ సరుకు లాభం. పది కుటుంబాలు కలిసి టోకు మార్కెట్టులో కొని పంచుకుంటే రవాణా ఖర్చు కూడా తగ్గుతుంది.

ప్యాకెట్ సరుకులు కొనేటప్పుడు మొత్తం ధరతో పాటు గ్రాముకు, కిలోకు ఎంత పడుతున్నదో చూడండి. ఇప్పుడు ప్యాకెట్లపై ఈ ధరను కూడా ముద్రిస్తున్నారు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం పొరపాటు. షాంపూ వంటి వాటిలో చిన్న సాచెట్టే చవకగా పడవచ్చు.

అంట్లు కడిగిన నీరు, బియ్యం కడిగిన నీరు పెరటిలోకి మళ్లిస్తే మునగ, కరివేపాకు, బీర, ఆకుకూరలు పెరుగుతాయి. సబ్బు ఎక్కువగా ఉన్న నీటిని మాత్రం ఆకుకూరలకు పెట్టవద్దు.

దీర్ఘకాలం మందులు వాడవలసిన వారు వైద్యుని సలహాతో జన ఔషధి కేంద్రాలలో జెనరిక్ మందులు తీసుకోవచ్చు. పేరున్న కంపెనీల మందులతో పోల్చితే వీటి ధర చాల తక్కువ. మందు మానివేయడం మాత్రం పొదుపు కాదు.

5. విద్యుత్తు, గ్యాసు

పశువుల పాకలో 60 వాట్ల పాత బల్బు రాత్రి పది గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. దాని స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెడితే 2.7 యూనిట్లు. విద్యుత్తు బిల్లు శ్లాబుల పద్ధతిలో ఉంటుంది కాబట్టి, తగ్గిన యూనిట్లు పైశ్లాబు నుంచి, అనగా అన్నిటికంటే ఎక్కువ ధర ఉన్న యూనిట్ల నుంచి తగ్గుతాయి.

పప్పులు ముందుగా నానబెట్టడం, మూత పెట్టి వండడం, కుక్కరు వాడడం, పొంగు వచ్చాక మంట తగ్గించడం – వీటితో గ్యాసు మిగులుతుంది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబ్రాకితే ఆ వేడి వృథా. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే బర్నరు రంధ్రాలు పూడుకున్నవేమో చూసి శుభ్రం చేయించండి.

6. ఒక ఉదాహరణ

ఐదుగురు సభ్యుల కుటుంబం నెలకు ఈ విధంగా మిగల్చగలిగిందని ఊహించుకుందాం.

అరువు మాని రొక్కానికి కొన్నందువల్ల – రూ. 150
కొట్టు టీ, చిరుతిండి సగానికి తగ్గించినందువల్ల – రూ. 300
విద్యుత్తు – రూ. 60
గ్యాసు – రూ. 90
మొత్తం – రూ. 600

ఏడాదికి రూ. 7,200. లక్ష రూపాయల పంట రుణంపై గడువులోగా తీర్చిన వారికి పడే నికర వడ్డీ రూ. 4,000 పోను, ఇంకా రూ. 3,200 చేతిలో ఉంటుంది. ఈ సొమ్ము ఇంట్లో డబ్బాలో ఉంటే ఏదో ఒక ఖర్చు దానిని వెతుక్కుంటూ వస్తుంది. కాబట్టి నెల నెలా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా వేసి, రుణం గడువుకు ఒక నెల ముందుగా చేతికి అందేటట్లు కాలపరిమితి పెట్టుకోవడం ఉత్తమం.

7. ఎక్కడ కోత పెట్టరాదు?

పొదుపు పేరిట మొదట కోత పడేది ఇల్లాలి కంచంలోనే. ఇది సరికాదు. అందరూ తిన్నాక మిగిలినది తినే తల్లికి పప్పు, పాలు, ఆకుకూర కొరవడితే ఆ మిగులు రేపు ఆసుపత్రికి చేరుతుంది. గర్భిణుల, బాలింతల, పిల్లల ఆహారంలో, పిల్లల చదువులో, బీమా ప్రీమియంలో కోత పెట్టవద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం సంవత్సరానికి రూ. 20 మాత్రమే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రూ. 2 లక్షలు లభిస్తాయి. ఇరవై రూపాయలు మిగల్చాలని దీనిని వదలుకోవడం తెలివైన పని కాదు.

తగ్గించవలసినది ‘అలవాటు’ వరుసలోనిది. ఈ విషయంలో నెల్లూరు జిల్లా మహిళలు చూపిన దారి చిరస్మరణీయం. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన దూబగుంట మహిళలు, ఇంటి సంపాదనను మింగుతున్న సారాను ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుంచి నాటి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. ఆ జిల్లాలోనే మహిళలు రోజుకు ఒక్కొక్క రూపాయి చొప్పున కూడబెడుతూ ‘పొదుపు లక్ష్మి’ సంఘాలుగా ఏర్పడ్డారు. అదే దశకంలో, 1992లో, నాబార్డు స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో అనుసంధించే కార్యక్రమాన్ని 500 బృందాల లక్ష్యంతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అలవాటు పద్దు నుంచి మళ్లిన రూపాయి పొదుపు పద్దుకు చేరితే ఎంత శక్తి వస్తుందో ఈ సంఘాలు నిరూపించాయి. మీ ఇంటి నుంచి ఇంకా ఎవరూ సంఘంలో లేకపోతే, చేరే విషయం ఆలోచించండి.

8. డీలర్ మిత్రులకు ఒక మాట

ఎరువులు, విత్తనాలు, పరికరాలు అమ్మే వారి ఇళ్లలో సమస్య మరొక రూపంలో ఉంటుంది. గల్లాపెట్టెలోని సొమ్మంతా తమదేనన్న భావన కలుగుతుంది. నిజానికి అందులో కంపెనీకి చెల్లించవలసినది, బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతాకు చేరవలసినది అధికం. సీజనులో రోజుకు అరలక్ష వ్యాపారం జరిగినంత మాత్రాన ఆదాయం అరలక్ష కాదు.

ప్రతి నెల మొదటి తేదీన ‘సొంత వాడకం’ క్రింద నిర్ణీత మొత్తం తీసి ఇంట్లో ఇవ్వండి. ఆ పైన గల్లాపెట్టెలో చేయి పెట్టవద్దు. కొట్టు నుంచి ఇంటికి తీసుకుపోయిన సరుకును కూడా చిట్టాలో వ్రాయండి. అలాగే రైతులకు రొక్కం ధర, అరువు ధర రెండూ విడివిడిగా చెప్పండి. తేడా తెలిసిన రైతు రొక్కానికి కొనడానికి ప్రయత్నిస్తాడు. రొక్కం అమ్మకం పెరిగితే మీ వసూళ్ల బెడద తగ్గి, మీ ఖాతాపై వడ్డీ కూడా తగ్గుతుంది.

అభ్యాసం

1. గడచిన నెల ఖర్చును జ్ఞాపకమున్నంత వరకు నాలుగు వరుసలలో వ్రాయండి. ‘అలవాటు’ వరుస మొత్తం ఎంత?
2. మీరు అరువుకు కొన్న ఒక వస్తువును తీసుకొని, రొక్కం ధరకు, అరువు ధరకు గల తేడాను నెలసరి వడ్డీగా లెక్కగట్టండి.
3. మీ పంట రుణం గడువు తేదీ ఏది? ఆ తేదీ ఇంట్లో ఎంతమందికి తెలుసు?
4. నెలకు ఎంత పొదుపు చేస్తే ఆ తేదీ నాటికి కనీసం వడ్డీ మొత్తం సిద్ధంగా ఉంటుంది?

మూడవ ప్రశ్నకు జవాబును పద్దు పుస్తకం మొదటి పుటలో పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టుకోండి. నాలుగవ ప్రశ్న లెక్క తేలకపోతే పాసు పుస్తకం, పద్దు పుస్తకం రెండూ తీసుకొని మీ బ్యాంకు శాఖకు రండి. ఇద్దరూ, అంటే భార్యాభర్తలిద్దరూ కలిసి రావడం మరీ మంచిది.