చేతికి తొందర తప్పించిన యంత్రం

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఒక పేదింటి ఆడమనిషికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలితే, చాలాసార్లు దారి మలక్‌పేట, కోఠి మీదుగా రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రికే. ఆ ఆస్పత్రి పాత పేరులోనే ‘రేడియం ఇన్‌స్టిట్యూట్’ ఉంది. రేడియం రోజుల్లో ఏ ఊళ్లోనైనా దాన్ని రోగి ఒంటి లోపల పెట్టడం, తీయడం చేత్తోనే జరిగేవి. మంచం దగ్గరకు వెళ్లిన ప్రతి నర్సుకూ అంతో ఇంతో రేడియేషన్ తగిలేది. ఇప్పుడు ఆ ‘లోపలి కరెంటు’ను, అంటే ఒంటి లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌ను, పెట్టేది రిమోట్ ఆఫ్టర్‌లోడర్ అనే రోబో. టంగ్‌స్టన్ కవచం, మోటారు, సన్నని తీగ, తీగ కొసన మిల్లీమీటరు మందం కూడా లేని ఇరిడియం-192 గింజ. యంత్రమంతా అంతే.

పొద్దున్నే దాన్ని పరీక్షిస్తారు. గింజ చెప్పిన చోట ఆగుతోందా, తలుపు తీస్తే వెనక్కి పోతోందా, గదిలో రేడియేషన్ మీటరు పలుకుతోందా చూస్తారు.

తర్వాత రోగికి మత్తిచ్చి ఖాళీ గొట్టాలు అమరుస్తారు. అసలు మేలు ఇక్కడే ఉందని నా నమ్మకం. గొట్టాల్లో ఏమీ లేదు కనుక డాక్టర్‌కు తొందర లేదు. మూత్రాశయం, పురీషనాళం దూరంగా జరిగేలా గాజుగుడ్డ దట్టంగా పెట్టవచ్చు. కుదరకపోతే తీసి మళ్లీ అమర్చవచ్చు. సిబ్బందిని కాపాడే ఏర్పాటే రోగికీ మంచి వైద్యమవుతోంది.

స్కాన్ చూసి, గింజ ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో ఫిజిసిస్ట్ లెక్క కడతారు. గొట్టాలను యంత్రానికి నంబర్ల ప్రకారం కలుపుతారు. ఒకరు కలిపింది మరొకరు సరిచూడాలి. నంబర్లు తారుమారైతే మోతాదు తప్పుచోట పడుతుంది.

అందరూ బయటికొచ్చి తలుపు మూస్తారు. కెమెరాలో రోగి కనిపిస్తుంది, మైకులో మాట వినిపిస్తుంది. ముందు ఉత్త తీగ వెళ్లి దారి చూసి వస్తుంది, ఆ తర్వాతే గింజ. కొన్ని నిమిషాల పని. ఇరిడియం బలం 74 రోజులకు సగమవుతుంది కాబట్టి, గింజ పాతబడేకొద్దీ సమయం పెరుగుతుంది.

గింజ తిరిగి యంత్రంలోకి చేరిందని తెర చెప్పినా, చేతిలో మీటరు లేకుండా గదిలోకి వెళ్లకూడదు. ఛాతీ మీద, తగిలిన రేడియేషన్‌ను లెక్కగట్టే టి.ఎల్.డి. బ్యాడ్జి ఎలాగూ ఉంటుంది. సిబ్బందికి అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు.

తీగ ఇరుక్కుంటే మాత్రం మనిషే లోపలికి వెళ్లాల్సి రావచ్చు. ముందు బయటి ఎమర్జెన్సీ బటన్, పని చేయకపోతే యంత్రం పక్కనున్న చేతిచక్రం. అదీ తిరక్కపోతే గొట్టాలను రోగి నుంచి తీసి, పొడుగు పటకారుతో సీసపు డబ్బాలో వేయాలి. ఎవరు చక్రం తిప్పాలో, ఎవరు డబ్బా మూత తీయాలో ముందే పంచుకుని, ఉత్త తీగతో సాధన చేస్తూ ఉండాలి.