డెక్కు మీద కుంపటి

మన ఊళ్ళలో కుంపటి రాజేయాలంటే పెరట్లో మట్టినేల మీదో, వంటింటి గచ్చు మీదో పెట్టేవారు. నిప్పురవ్వ కింద పడితే ఒక నల్లమచ్చ, అంతే. అమెరికా వచ్చాక అదే కుంపటికి గ్రిల్లు అని పేరు పెట్టి, చెక్కతో కట్టిన డెక్కు మీదికి ఎక్కించాం. ఆ డెక్కేమో ఇంటి గోడకి బోల్టులతో బిగించి ఉంటుంది. దానికి అంటుకున్న నిప్పు ఇంటికి పాకడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని ఈసారి కంప్యూటర్లని కాసేపు పక్కన పెట్టి, గ్రిల్లు కింద డెక్కుని ఎలా కాపాడుకోవాలో చూద్దాం.

ముందు నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మెమోరియల్ డే నాడు మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలిశాం. పనీర్ టిక్కా, మొక్కజొన్న పొత్తులు కాల్చుకున్నాం. గ్రిల్లు కింద కొత్త మ్యాట్ పరిచాను కాబట్టి నాకు ధీమా. రాత్రి పదింటికి బొగ్గులు చల్లారాయనుకుని, బూడిద ఒక అట్టపెట్టెలోకి ఎత్తి, డెక్కు మూలన పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున పొగ వాసనకి మా ఆవిడ లేచింది. వెళ్ళి చూస్తే అట్టపెట్టె లేదు. దాని కింద రెండు చెక్కలు కాలిపోయి, రెయిలింగు స్తంభం అడుగున ఎర్రగా రాజుకుంటోంది. తోటకి నీళ్ళు పట్టే గొట్టంతో ఆర్పాను. పిల్లలు పడుకున్న గది కిటికీ అక్కడికి ఆరడుగులు. అవతల గ్రిల్లు కింద మ్యాట్ మాత్రం చెక్కు చెదరలేదు!

ఫైర్‌వాల్ పెట్టాం కదా అని పాస్‌వర్డు తీసేస్తామా? నేను చేసింది అదే. మ్యాట్ మంచిదే, కానీ అది ఆపగలిగేవి కొన్నే.

మ్యాట్ ఏం చేస్తుంది?

గ్రిల్లు నుంచి కారే నూనె చెక్కలోకి ఇంకకుండా ఆపుతుంది. చిన్న నిప్పురవ్వ పడితే కాసేపు ఓర్చుకుంటుంది. కొనేముందు అది ఎంత వేడికి తట్టుకుంటుందో అట్ట మీద చదవండి. గ్రిల్లు కన్నా అన్ని వైపులా, ముఖ్యంగా మీరు నిలబడే వైపు, వెడల్పుగా ఉండాలి. రబ్బరు అడుగున్న మ్యాట్లు కాంపోజిట్, వినైల్ డెక్కుల మీద రంగు మచ్చలు వేసే అవకాశం ఉంది, వాటిని వదిలేయండి. ఇంకో మాట, మ్యాట్‌ని శాశ్వతంగా పరిచి ఉంచకండి. కింద నీరు చేరి చెక్కకి బూజు పడుతుంది. వంట అయ్యి అంతా చల్లారాక ఎత్తి ఆరబెట్టండి.

కాంపోజిట్ డెక్కు ఉన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. అందులో చెక్కపొట్టుతో పాటు ప్లాస్టిక్ ఉంటుంది. సాధారణంగా వాడే పాలీఎథిలీన్ 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మండే బొగ్గు వేడి 500 డిగ్రీలు దాటుతుంది. మామూలు చెక్క మీద చిన్న మచ్చని గరుకు కాగితంతో రుద్ది పోగొట్టవచ్చు. పైపూత ఉన్న కాంపోజిట్ పలకని రుద్దితే పూతే పోతుంది, పలక మార్చాల్సిందే. కొత్త పలక ఎండకి వెలిసిన పాతవాటితో రంగు కలవదు కూడా.

కొందరు మ్యాట్ బదులు కాంక్రీటు పలకలు పరుస్తారు. నిప్పుకి భేషైన ఉపాయమే, కానీ లెక్క చూడండి. రెండంగుళాల మందం పలక చదరపు అడుగుకి సుమారు 24 పౌండ్లు తూగుతుంది. నాలుగడుగుల చదరానికి 380 పౌండ్ల పైమాటే. ఇళ్ళ డెక్కులు సాధారణంగా చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువు మోసేలా కడతారు. అందులో సగానికి పైగా రాళ్ళకే పోతే, గ్రిల్లుకీ మనుషులకీ మిగిలేది ఎంత? పలచటి పలకలు చాలు.

ఎక్కడ పెట్టాలి?

అన్నిటికన్నా పెద్ద రక్షణ దూరం. గోడకి, రెయిలింగుకి, చూరుకి, కొమ్మలకి ఎడంగా పెట్టండి. పది అడుగులు ఉంటే నిశ్చింత. వినైల్ సైడింగు మంట అంటకుండానే వేడికి వంకర తిరిగిపోతుంది. వీలైతే గ్రిల్లుని డెక్కు దింపి పెరట్లో సిమెంటు మీద పెట్టడం ఉత్తమం. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు లీజు కాగితం చదవండి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ పాటించే ఊళ్ళలో, స్ప్రింక్లర్లు లేని అపార్ట్‌మెంట్లయితే, చెక్క బాల్కనీ మీదా, మండే కట్టడానికి పది అడుగుల లోపునా బొగ్గుల గ్రిల్లు వెలిగించకూడదు.

నూనె, గ్యాసు, బూడిద

నూనె పళ్ళేన్ని వాడిన ప్రతిసారీ శుభ్రం చేయండి. గ్రిల్లు అగ్నిప్రమాదాలకి ముఖ్యమైన కారణాల్లో శుభ్రం చేయకపోవడం ఒకటి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయవద్దు. చెయ్యి పెట్టగలిగితే గ్యాసు కట్టేసి మూత వేయండి. అదుపు తప్పితే అందరూ దూరంగా వెళ్ళి 911 కి ఫోన్ చేయండి.

గ్యాసు గ్రిల్లయితే సీజను మొదట్లో గొట్టానికి సబ్బునీళ్ళు రాసి, గ్యాసు తిప్పి చూడండి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. ప్రొపేన్ గాలి కన్నా బరువు, డెక్కు కిందికి దిగి నిలుస్తుంది.

ఇక బూడిద. పైకి తెల్లగా చల్లగా కనిపించినా లోపల నిప్పు మర్నాటి దాకా ఉండవచ్చు. పూర్తిగా చల్లారనిచ్చి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, డెక్కుకి దూరంగా నేల మీద పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ డబ్బా పెరటి చివర ఉంటుంది. కాలిన రెండు చెక్కల్లో ఒకదాని ముక్కని గరాజులో మేకుకి తగిలించాను. గ్రిల్లు బయటికి తీసేటప్పుడల్లా అది కళ్ళబడుతుంది.