మేడమెట్లూ, మంచుకొండా

మా ఇల్లు చంపాపేటలో. మేడమీదికి వెళ్లే మెట్లను ఒకనాడు స్కేలు పెట్టి కొలిచాను. మెట్టు ఎత్తు 7 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు. ఏడును పదితో భాగిస్తే 0.7. టాంజెంటు పట్టిక తీసి చూస్తే 35 డిగ్రీలు. అమ్మ వడియాల చేట పట్టుకుని ఎక్కిదిగే ఈ వాలే, ఆల్ప్స్ పర్వతాల్లో మంచుచరియలు విరిగిపడి మనుషుల్ని మింగే వాలు అని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఈ వ్యాసం వాళ్లకోసమే అనుకోండి. వేసవిలో మేడమీద పడుకునే అలవాటున్నవాళ్లకు ఇందులోని భౌతికశాస్త్రం సగం ముందే తెలుసు.

మనం మాట్లాడుకునేది వసంతకాలపు స్కీ యాత్ర గురించి. స్కీలు కొండ దిగడానికే అని సినిమాలు చూసి అనుకుంటాం. ఈ యాత్రికులు వాటితోనే ఎక్కుతారు కూడా. స్కీ అడుగున నూగు ఉన్న పట్టీ ఒకటి అతికిస్తారు. పూర్వం అది సీలు జంతువు చర్మం, ఇప్పుడు నైలానో మోహేరో. పిల్లి వీపు నిమిరినట్టే: ఒకవైపు నున్నగా జారుతుంది, రెండోవైపు వెంట్రుకలు ఎదురుతిరిగి మంచును పట్టుకుంటాయి. శిఖరం చేరాక పట్టీలు ఊడదీసి సంచిలో పెట్టుకుని కిందికి జారిపోతారు. కొండ మరీ నిటారుగా ఉంటే చివరి భాగం స్కీలు వీపున కట్టుకుని, బూట్లకు ఇనుపముళ్లు తొడుక్కుని ఎక్కవలసిందే. ఫ్రాన్స్‌లోని షమోనీ నుంచి స్విట్జర్లాండులోని జెర్మాట్ దాకా సాగే ఓట్ రూట్ ఇలాంటి యాత్రల్లో పేరుపడ్డది. దాన్ని మొదటిసారి పూర్తిగా స్కీల మీద దాటింది 1911లో.

ఇక వాలు సంగతి. 30 డిగ్రీల లోపు వాలు మీద చరియ విరగడం అరుదు. 55 దాటితే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. ప్రమాదమంతా 30కీ 45కీ మధ్య. స్కీ జారడానికి సరదాగా ఉండేదీ సరిగ్గా అక్కడే, అదీ చిక్కు. అందుకే ఇంటి దగ్గరే పటం మీద లెక్క చూసుకుంటారు. 1:25,000 పటంలో 20 మీటర్లకొక ఎత్తుగీత ఉందనుకోండి. రెండు గీతల మధ్య 1.4 మిల్లీమీటర్లుంటే 30 డిగ్రీలు, 1.1కి తగ్గితే మన మేడమెట్లు వచ్చేసినట్టే. జామెట్రీ పెట్టెలోని స్కేలు ప్రాణం కాపాడే పనిముట్టు అవుతుందని పదో తరగతిలో ఎవరూ చెప్పలేదు!

వాలు మారదు, మంచు మాత్రం గంటగంటకూ మారుతుంది. (మన భాషలో తెల్లవారుజామున కమ్మేదీ మంచే, గోలీసోడా బండి మీద గడ్డకట్టి ఉండేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. అవసరం లేదు గనక ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.) వసంతంలో పగటి ఎండకు పైమంచు కరిగి, రేణువుల మధ్య నీరు చేరుతుంది. రాత్రి ఆ నీరు గడ్డకట్టి రేణువుల్ని సిమెంటులా అతికిస్తుంది. ఇక్కడే మేడ గుర్తుచేసుకోండి. నక్షత్రాలు కనిపించే రాత్రి తెల్లారేసరికి దుప్పటి వెతుక్కుంటాం. మబ్బు పట్టిన రాత్రి విసనకర్ర వదలం. నిర్మలాకాశంలోకి నేల తన వేడిని వికిరణంగా వదిలేస్తుంది. మబ్బుంటే అది కప్పిన మూతలా ఆ వేడిని వెనక్కి పంపుతుంది.

లెక్క కడదాం. నిర్మలమైన రాత్రి చదరపు మీటరు మంచు నికరంగా 80 వాట్లు కోల్పోతోందనుకుందాం. పది గంటల్లో అది సుమారు 29 లక్షల జౌళ్లు. కిలో నీరు గడ్డకట్టాలంటే 3,34,000 జౌళ్ల గుప్తోష్ణం బయటికి పోవాలి. అంటే ఎనిమిదిన్నర కిలోల నీరు గడ్డకడుతుంది. ఘనపు మీటరు తడిమంచులో 50 కిలోల నీరుంటే, పైన 17 సెంటీమీటర్ల గట్టిపెంకు ఏర్పడుతుంది. జానెడుకు కాస్త తక్కువ. మనిషిని మోయడానికి చాలు. అదే మబ్బు రాత్రి అయితే పెంకు అప్పడమంతే.

పొద్దున ఆ పెంకు బండలా ఉంటుంది. స్కీ అంచు దిగదు, జారితే ఆగం. ఎండ తగిలాక పై అంగుళం మెత్తబడి తడి నూకల్లా అవుతుంది. స్కీకి అదే అమృతఘడియ, గంటో గంటన్నరో ఉంటుంది. ఆ తర్వాత పెంకు అడుగంటా కరిగి, నీరు లోపలికి దిగి, తడిసిన పంచదార కుప్పలా వాలంతా కదలడానికి సిద్ధమవుతుంది. తూర్పు వాలుకు ఈ గడియ ముందొస్తుంది, దక్షిణానికి తర్వాత, పడమటికి ఆఖరున. అందుకే నడిరాత్రి దాటగానే లేచి, టార్చి వెలుతురులో ఎక్కి, మధ్యాహ్నానికి ముందే కిందికి చేరతారు. శిఖరం ఇంకో వంద మీటర్లే ఉన్నా, అనుకున్న గంట దాటితే వెనుదిరగాలి. చెప్పడం తేలికే. ఏడాదిపాటు డబ్బు కూడబెట్టి వచ్చినవాడికి ఆ వంద మీటర్లు ఎంత బరువో ఆలోచించండి.

గడియారం పాటిస్తే చాలునా? చాలదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు, భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టడం నేర్చుకున్నవాళ్లు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లు వెళ్లింది టిబెట్ వైపునుంచి. అదే ఏడాది ఏప్రిల్ 18 ఉదయం, నేపాల్ వైపున వేలాడే మంచుదిమ్మ విరిగిపడి 16 మంది చనిపోయారు. ఆ దిమ్మలకు పగలూ రాత్రీ లేవు. గాలివానకూ అంతే. ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన మన నెల్లూరు మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ తిరిగిరాలేదు. 2018 ఏప్రిల్ ఆఖరున ఓట్ రూట్‌లో 14 మంది తుపానులో దారి తప్పి రాత్రంతా బయటే ఉండిపోగా ఏడుగురు మరణించారు. బసకు వాళ్లు అర కిలోమీటరు దూరంలోనే ఉన్నారు. మన మెయిన్ రోడ్డు మీద ఒక బస్‌స్టాపు నుంచి ఇంకో బస్‌స్టాపంత.

కనుక అనుభవజ్ఞులు చేసే మొదటి పని స్కీలు తొడుక్కోవడం కాదు. రాత్రి రెండు గంటలకు బస తలుపు తీసి, మెడ ఎత్తి ఆకాశం చూస్తారు. బయటి మంచు మీద బూటుకాలితో గట్టిగా తంతారు. నక్షత్రాలు లేక, కాలు మడమదాకా దిగిపోతే, తలుపు వేసి మళ్లీ పడుకుంటారు.