కాలిన ఊళ్లు – మొలచిన ఆశ

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున చౌటుప్పల్ కలదు. అచ్చటి నేల మెట్టనేల. ఎటు చూచినను గుట్టలు, బండలు, తుమ్మచెట్లు, నడుమ నడుమ చెఱువులు. వాన కురిసిన యేట జొన్నయు ఆముదమును పండును. కురియని యేట రైతు ఆకాశమువంక చూచుచుండును. నేడు ఆ బాటపై వాహనములు రేయింబవళ్లు పరుగిడుచున్నవి. కాని 1948వ సంవత్సరమున ఈ ప్రాంతపు పల్లెలలో ప్రొద్దు గ్రుంకినంతనే దీపములార్పి, ఏడ్చు బిడ్డల నోళ్లు మూసి, జనులు చేలలో దాగెడివారు. ఆ భయమెట్టిది? దానిని వారెట్లు దాటిరి?

ఆనాడు తెలంగాణము హైదరాబాదు సంస్థానములో భాగము. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానికి ప్రభువు. పల్లెలలో మాత్రము దేశ్‌ముఖుల మాటయే శాసనము. కుమ్మరి కుండ లీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను, చాకలి బట్టలుతుకవలెను, రైతు తన పొలము బీడుపెట్టి దొర పొలము దున్నవలెను. దేనికిని కూలి లేదు. దీనినే వెట్టిచాకిరి యనిరి. దీని నెదిరించుటకు ఆంధ్రమహాసభ పల్లెపల్లెను సంఘములు నెలకొల్పెను.

నాటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ యను చాకలి స్త్రీ యుండెను. ఆమె భూమి కౌలునకు తీసికొని నాలుగెకరములు సాగుచేసెను. ఒక చాకలిది తన కెదురుగా సేద్యము చేయుటయు, సంఘములో చేరుటయు విసునూరు దేశ్‌ముఖు సహింపలేకపోయెను. పండిన పైరును కోసికొని పోవుటకు తన మనుష్యులను పంపెను. ఐలమ్మ బెదరలేదు. సంఘ కార్యకర్తలు ఆమెకు తోడై పైరు కోసి, ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. ఆ పగకు ఆమె యిల్లు కాలినది. ఆమె కుటుంబమునకు చెప్పరాని అవమానములు కలిగినవి. అయినను ఆ నాలుగెకరముల నుండి ఆమెను ఎవరును కదల్పలేకపోయిరి.

1947 ఆగస్టు 15వ తేదీన దేశము స్వతంత్రమయ్యెను. నిజాము మాత్రము భారతదేశమున చేర నిరాకరించెను. కాసిం రజ్వీ నాయకుడుగా గల రజాకారులు ఆయుధములు ధరించి పల్లెలపై బడిరి. ఇండ్లు తగులబెట్టిరి; ధాన్యము దోచిరి; ఎదిరించిన వారిని కాల్చిరి. చౌటుప్పల్‌కు చేరువనున్న గుండ్రాంపల్లి వారి క్రౌర్యమునకు గుఱియై తన బిడ్డలను పెక్కుమందిని కోల్పోయెను.

అన్నిటికంటె ఘోరమైనది బైరాన్‌పల్లి కథ. ఆ గ్రామస్థులు దళముగా ఏర్పడి, ఊరినడుమనున్న పాత బురుజుపై కావలియుండి, రజాకారులను పలుమారులు తఱిమివేసిరి. 1948 ఆగస్టు 27వ తేదీన నిజాము సైనికులును రజాకారులును కలిసి తెల్లవాఱకమునుపే గ్రామమును చుట్టుముట్టిరి. ఫిరంగి దెబ్బలకు బురుజుపై నున్నవారు కూలిరి. పిమ్మట దొరికిన మగవారిని వరుసగా నిలిపి కాల్చిరి. ఆ యొక్క దినముననే ఎనుబదిమందికి పైగా మరణించిరి. తండ్రిని, భర్తను, కుమారుని ఒక్క పూటలో కోల్పోయిన యిండ్ల దుఃఖము నెవరు కొలువగలరు? సరిగా 21 దినములకు, సెప్టెంబరు 17వ తేదీన, భారత సైన్యమునకు నిజాము లొంగిపోయెను. ఆ మూడు వారములు ముందుగా వచ్చియున్నచో వారందఱు బ్రదికియుందురు.

దీనిని రెండు మతముల పోరని తలపరాదు. రజాకారుల దుండగములను ఖండించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. 1948 ఆగస్టులో హైదరాబాదు నగరమున హంతకులు ఆయనను పొట్టనపెట్టుకొనిరి. నిజాము లొంగిన పిమ్మట, ముఖ్యముగా మరాఠీ, కన్నడ జిల్లాలలో, ఏ నేరము నెఱుగని ముస్లిములు అనేకులు చంపబడిరి. వారి యిండ్లలోను తల్లులు అట్లే యేడ్చిరి. కన్నీటికి మతము లేదు.

రజాకారులు పోయినను పల్లెలకు వెంటనే శాంతి కలుగలేదు. భూమికై రైతుల సాయుధ పోరాటము 1951 అక్టోబరు వఱకు సాగినది. ఒక వంక సైన్యము, ఒక వంక దళములు. నడుమ పల్లె నలిగినది. అట్టి దినములలో, 1951 ఏప్రిల్ 18వ తేదీన, వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చెను. అది చౌటుప్పల్‌కు వాయవ్యమున కొలదిదూరములో నున్న చేనేత గ్రామము. భూమి లేని 40 దళిత కుటుంబములవారు ఆయన చుట్టును చేరిరి. “మీకేమి కావలెను?” అని వినోబా అడిగెను.

వారు పగ తీర్పుమని అడుగలేదు, ధనమడుగలేదు. తమకు 80 ఎకరములున్న చాలును, ఖుష్కి 40, తరి 40, దున్నుకొని బ్రదికెదమనిరి. వినోబా గ్రామస్థులవంక చూచి, వీరికి భూమి నీయగలవారు మీలో నున్నారా యని యడిగెను. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి యను భూస్వామి లేచి, 100 ఎకరములు ఇత్తునని పలికెను. అడిగినది ఎనుబది, లభించినది నూఱు. భూదానోద్యమమునకు అదియే తొలి విత్తు. ఆ పర్యటనలో తెలంగాణమున 51 దినములలో సుమారు 12,000 ఎకరములు దానముగా వచ్చెను. తరువాత దేశమంతట వచ్చిన భూమి యంతయు పేదలకు చేరలేదన్న మాటయు నిజమే. అయినను నెత్తురు చిందినచోటనే మనుష్యుడు మనుష్యుని అడుగవచ్చును, ఈయవచ్చును అని ఆ సాయంకాలము లోకమునకు తెలిసినది. నేడు ఆ ఊరి పేరు భూదాన్ పోచంపల్లి.

ఐలమ్మ 1985 వఱకు జీవించెను. వార్ధక్యమున తన కథను తానే చెప్పెను. అది ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమున 1986లో వెలువడెను. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. బైరాన్‌పల్లి బురుజు నేటికిని నిలిచియున్నది. దాని నీడలో పిల్లలు ఆడుకొనుచున్నారు.

బాలలారా! పోయినవారు తిరిగిరారు. బ్రదికినవారు వారిని మఱవనక్కఱ లేదు, మఱవరాదు కూడ. కాని కాలిన యింటి బూడిదను ఎత్తి పొలమున చల్లి, మరుసటి వానకు విత్తనము చేతబట్టిన ఆ పల్లె జనులను తలచుకొనుడు. ఆశ యనగా దుఃఖము లేకుండుట కాదు. దుఃఖముతోనే నాగలి పట్టుట.

ప్రశ్నలు

1. వెట్టిచాకిరి యననేమి? ఐలమ్మ దానిని ఎట్లెదిరించెను?
2. బైరాన్‌పల్లి ప్రజలకు 1948 ఆగస్టు 27వ తేదీన కలిగిన నష్టమును వర్ణింపుము.
3. పోచంపల్లి దళితుల కోరిక ఎట్టిది? అది మనకేమి నేర్పుచున్నది?