వ్రాయువారు లేరని యెట్లు తెలియును?

విద్యార్థులారా! మార్కుల పట్టిక గల పెన్ డ్రైవు నొకదానిని పాఠశాల కంప్యూటరునకు చేర్చితిమనుకొనుడు. ఉపాధ్యాయులొకరు మార్కులు ఎక్కించుచున్నారు. అదే సమయమున, “ఇక దీనిని ఎవరును మార్చరాదు, చదువుటకు మాత్రమే వీలుండవలెను” అని కంప్యూటరునకు మరియొక ఆజ్ఞ వచ్చినది. ఆజ్ఞను వెంటనే పాటించినచో సగము వ్రాసిన పట్టిక గతి యేమి? పాటింపనిచో ఆజ్ఞకు విలువ యేమి? ఈ చిక్కును కంప్యూటరు ఎట్లు విప్పునో ఈ పాఠమున తెలిసికొందము.

కంప్యూటరు యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచిపెట్టు ముఖ్య ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. 1991లో ఫిన్లాండు దేశమున, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అట్టి కెర్నెల్. డిస్కుమీద ఫైళ్లను అమర్చి యుంచు ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అందురు. దానిని కంప్యూటరులోని డైరెక్టరీల వృక్షమునకు ఒక కొమ్మగా అంటుగట్టుటయే మౌంటు చేయుట. ఒకే ఫైల్ సిస్టమ్‌ను రెండుచోట్ల మౌంటు చేయుటయు కలదు. ఒకచోట వ్రాయుటకు వీలిచ్చి, రెండవచోట చదువుటకు మాత్రమే వీలిచ్చు సౌకర్యము 2008 జూలైలో వెలువడిన లినక్స్ 2.6.26తో వచ్చినది.

అంతకు పూర్వము, ఫైల్ సిస్టమ్‌ను వ్రాతకు మూయదలచినపుడు, కెర్నెల్ తెరచియున్న ఫైళ్ల జాబితాను వరుసగా చూచెడిది. వ్రాయుటకై తెరచిన ఫైలు ఒక్కటియు లేనిచో మూసెడిది. ఇందు రెండు లోపములు కలవు. జాబితా చూచుట ముగిసి, మూయుట జరుగునంతలో క్రొత్తవాడు వ్రాయ మొదలిడవచ్చును. ఇంట అందరును నిదురించిరని దీపమార్పబోవు వేళ వాకిట చుట్టము నిలిచినట్లు! ఇక రెండవది: మార్పులన్నియు ఫైలు తెరచియే జరుగవు. క్రొత్త డైరెక్టరీ చేయుట, పేరు మార్చుట, ఫైలును తొలగించుట కూడ డిస్కును మార్చు పనులే. ఇవి తెరచిన ఫైళ్ల జాబితాలో కానరావు.

అందుచేత క్రొత్త నియమము ఏర్పడినది. డిస్కును మార్చు ప్రతి పనియు ముందుగా ఆ మౌంటువద్ద అనుమతి కోరవలెను. పని ముగియగనే దానిని తిరిగి అప్పగింపవలెను. కోరుటకు ‘ఎమ్.ఎన్.టి. వాంట్ రైట్’ అనియు, అప్పగించుటకు ‘ఎమ్.ఎన్.టి. డ్రాప్ రైట్’ అనియు కెర్నెల్‌లో పేర్లు. కోరినపుడు లెక్క ఒకటి పెరుగును. అప్పగించినపుడు ఒకటి తగ్గును. డైరెక్టరీ చేయువానికి ఆ క్షణకాలము చాలును. వ్రాయుటకు ఫైలు తెరచినవానికి, తెరచినది మొదలు మూయువరకు అనుమతి నిలిచియుండును. లెక్క సున్న అయినచో వ్రాయువారెవరును లేరన్నమాట.

అయితే నేటి కంప్యూటరులలో ప్రాసెసర్లు అనేకములు. అవన్నియు ఒకే అంకెను దిద్దబోయినచో ఒకదానికై మరియొకటి వేచి పని కుంటుపడును. ఈ కష్టమును తొలగించిన ఉపాయము చక్కనిది. నాలుగు వాకిళ్లు గల గ్రంథాలయమును ఊహింపుడు. ప్రతి వాకిట ఒక కావలివాడు, వాని చేత ఒక పలక. లోనికి పోవువాడున్నచో ఒకటి కూడును. వెలికి వచ్చువాడున్నచో ఒకటి తీసివేయును. తూర్పు వాకిట ప్రవేశించినవాడు పడమటి వాకిట వెడలవచ్చును. అప్పుడు తూర్పు పలకపై +1, పడమటి పలకపై −1 ఉండును. విడిగా చూచిన ఏ పలకయు నిజము చెప్పదు. నాలుగింటిని కూడిన మొత్తము సున్న యగును, అదియే నిజము. లినక్స్‌లో ప్రతి మౌంటునకు ప్రాసెసరు కొకటి చొప్పున ఇట్టి పలకలు కలవు. వ్రాయుట నిత్యము జరుగు పని కనుక దానిని తేలిక చేసి, ఎప్పుడో జరుగు మూసివేతపై కూడిక శ్రమను మోపిరి.

మూయువాడు మొదట ఎర్రజెండా ఎత్తును. పిదప పలకలను కూడును. మొత్తము సున్నయైనచో ‘చదువుటకు మాత్రమే’ అను బోర్డు కట్టి, జెండా దించును. కానిచో బోర్డు కట్టకయే దించును. వ్రాయవచ్చినవాడు మొదట పలకపై తన లెక్క వేయించుకొని, తరువాతనే జెండా వైపు చూడవలెను. జెండా యున్నచో అది దిగువరకు ఆగి, బోర్డు కట్టబడినచో తన లెక్క తీయించుకొని వెనుదిరుగవలెను. ఈ క్రమము తారుమారైనచో ఏమగును? జెండా లేదని చూచి, లెక్క వేయించుకొనక మునుపే, మూయువాడు జెండా ఎత్తి పలకలు కూడి సున్న యనుకొనును. బోర్డు కట్టిన గదిలో వ్రాయువాడు మిగిలిపోవును. లెక్క ముందు వేయించుకొన్నచో ఈ ప్రమాదము లేదు. జెండా చూచి ఆగినవాని లెక్కయు మొత్తములో చేరవచ్చును; చేరినను ఆ సారికి మూసివేత విఫలమగునే కాని పట్టిక చెడదు.

ఫలితములు రెండు విధములు. లోన వ్రాయువాడుండగా మూయబోయినవానికి ‘తీరిక లేదు’ అను అర్థము గల 16వ సంఖ్య దోషము తెలుపబడును. మూసిన పిమ్మట వ్రాయబోయినవానికి ‘చదువుటకు మాత్రమే’ అను 30వ సంఖ్య దోషము తెలుపబడును. ఎవరికిని మౌనముగా నష్టము కలుగదు. ఫైల్ సిస్టమ్ మొత్తమును మూయునపుడు మరియొక జాగ్రత్త కలదు. పేరు తొలగింపబడియు ఎవరి చేతనో ఇంకను తెరచియున్న ఫైలున్నచో మూయనీయదు. దానిని చివరకు మూసినపుడు డిస్కుపై దాని చోటును ఖాళీ చేయు వ్రాత మిగిలియుండును గదా!

నకలు తీయుటకై ఫైల్ సిస్టమ్‌ను కొంతసేపు నిలిపియుంచుట వేరు. దానిని ‘ఫ్రీజ్’ అందురు. అప్పుడు వ్రాయువాడు దోషము పొందడు; విడుదల యగువరకు వేచియుండును. 2012లో వెలువడిన లినక్స్ 3.6లో ఈ నిరీక్షణ పద్ధతిని చక్కదిద్దిరి.

తల్లిదండ్రులకును, బాలబాలికలకును ఒక మాట. పెన్ డ్రైవును ఒక్కసారిగా లాగువానిని కెర్నెల్ ఆపజాలదు. మనము వ్రాసితిమనుకొన్నది డిస్కునకు చేరక ఇంకను జ్ఞాపకభాగముననే యుండవచ్చును. విడదీయు ఆజ్ఞ యిచ్చి, ‘తీయవచ్చును’ అని కంప్యూటరు తెలిపిన పిదపనే తీయుడు. అనుమతి కోరి ప్రవేశించుట, పని ముగియగనే చెప్పి వెడలుట—ఈ రెండును ఎల్లరును పాటించినపుడే తలుపు మూయువాడు నిర్భయముగా మూయగలడు.

అభ్యాసము

1. మూడు ప్రాసెసర్ల పలకలపై +4, −3, −1 ఉన్నచో వ్రాయువారెందరు?
2. లెక్క వేయించుకొనుటకు ముందే జెండా చూచినచో కలుగు ప్రమాదమును మీ మాటలలో వ్రాయుడు.
3. వ్రాతకు మూయుటకును, ‘ఫ్రీజ్’ చేయుటకును గల భేదమేమి?