యాభై దాటిన రైతు ఏడాదికోసారి ఒళ్లు చూపించుకోవాలి

పత్తికి గులాబీ రంగు పురుగు పడితే కాయ పైకి నిక్షేపంగానే కనిపిస్తుంది. చీల్చి చూస్తేనే లోపల గింజ, దూది తినేసిన సంగతి బయటపడుతుంది. అందుకే కాయ పుచ్చేదాకా ఆగకుండా చేనులో లింగాకర్షక బుట్టలు పెట్టాలని, బుట్టకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. గద్వాల, నాగర్‌కర్నూల్ పత్తి రైతులకు ఈ సంగతి కొత్త కాదు. మనిషి ఒంట్లో బీపీ, షుగర్ కూడా ఇలాంటి పురుగులే. చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఏళ్ల తరబడి లోపల తింటూ ఉంటాయి.

వనపర్తి మార్కెట్ యార్డులో పల్లికాయ కుప్ప దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడిగాను. "నాకేం రోగం సారూ? పొద్దుగాల లేచి చేనుకాడికి నడుస్త, సంచి ఎత్తుత. బీపీ గోలీలు మా ఇంటామె వేసుకుంటది" అన్నాడు. మన పల్లెల్లో చాలామంది మగవారి జవాబు ఇదే. ఆడవారికి కాన్పుల నాటి నుంచి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో పరిచయం ఉంటుంది. ఆశా ఇంటికి వచ్చే వేళకు మగవారు చేనులోనో, అంగట్లోనో ఉంటారు. పని చేసే మనిషికి బీపీ రాదనే మాట నిజం కాదు. కష్టం ఒంటికి మంచిదే కాని పరీక్షకు అది బదులు కాదు.

నష్టం ఎంత?

బీపీ ముదిరితే పక్షవాతం, గుండెపోటు, కిడ్నీలు చెడిపోవడం జరుగుతాయి. రెండు మూడెకరాల రైతు మంచాన పడితే మందుల ఖర్చొక్కటే కాదు. దగ్గర ఒకరు కూర్చోవాలి, కాబట్టి ఆ మనిషి కూలీ పోతుంది. అదునుకు విత్తనం పడదు. 2018లో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వారికే వర్తిస్తుంది. అరవైలో పడ్డ రైతుకు ఆ ఆసరా ఉండదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అయితే అది రోగం వచ్చాక ఆదుకునేది. చచ్చుపడిన చేతిని ఏ కార్డూ మళ్లీ నాగలి పట్టించలేదు.

ఏయే పరీక్షలు?

బీపీ: మామూలుగా 120/80 దగ్గర ఉండాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆపైన ఉంటే బీపీ ఉన్నట్లే. చూపించుకునే ముందు అరగంట పాటు బీడీ, చాయ్ ముట్టరాదు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి.

షుగర్: రాత్రి తిన్నాక ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా పరగడుపున రక్తం ఇవ్వాలి. 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 అంటే గట్టు మీద ఉన్నట్లు. 126, ఆపైన వస్తే మరోసారి చూసి షుగర్ అని నిర్ధారిస్తారు. షుగర్ ఉన్నవారికి కాళ్లు తిమ్మిరెక్కి, మడిలో ముల్లు గుచ్చినా తెలియదు. ఆ పుండే కాలు తీసేదాకా తేవచ్చు. చెప్పులు లేకుండా పొలంలో దిగవద్దు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి.

నోరు: తంబాకు, గుట్కా, బీడీ అలవాటున్నవారు నోరు చూపించుకోవాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలకూ మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. నోటి క్యాన్సర్‌ను మొదట్లో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

కళ్లు: కంటి వెలుగు శిబిరాలు 2018లో, 2023లో ఊరూరా జరిగాయి. అప్పుడు చూపించుకున్నాం కదా అని ఊరుకోవద్దు. శుక్లం తర్వాత కూడా వస్తుంది. మసక చూపుతో రాత్రిపూట మోటారు స్టార్టర్ దగ్గరికి వెళ్లడం ప్రాణం మీదికి తెస్తుంది.

కిడ్నీలు: బీపీ, షుగర్ ఉన్నవారు ఏటా క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పికి దుకాణంలో గోలీలు కొని నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది.

మూత్రం: రాత్రి పలుమార్లు లేవడం, ధార సన్నబడటం పెద్ద వయసు మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బినందువల్ల కావచ్చు. ఇదంతా క్యాన్సర్ కాదు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. మూత్రంలో రక్తం పడితే వెంటనే వెళ్లాలి. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష అందరికీ ఏటా అక్కర్లేదు. డాక్టరు అవసరమన్నప్పుడు చేయించుకుంటే చాలు.

దగ్గు: రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం.

ఎక్కడ చేస్తారు?

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమం కిందే ఉన్నాయి. ఆశా కార్యకర్త మీ వయసు, అలవాట్లు, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా ఈ రోగాలున్నాయా అన్నవి ఫారంలో రాస్తుంది. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. పల్లె దవాఖానలో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చూపించుకోండి. అక్కడ తేలకపోతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతిదానికీ కర్నూలుకో, హైదరాబాదుకో పరుగెత్తాల్సిన పని లేదు.

అదును తప్పవద్దు

యాసంగి పంట ఇంటికి చేరి, ఏరువాక మొదలయ్యేలోపు ఒక పూట ఇందుకు కేటాయించండి. ఏటా అదే అదునుకు వెళితే మరచిపోరు. చీటీలన్నీ పట్టాదారు పాసుపుస్తకం ఉన్న సంచిలోనే దాచండి. పోయినేటి అంకెకు, ఈ ఏటి అంకెకు తేడా చూస్తే డాక్టరుకు సగం సంగతి తెలుస్తుంది.

బీపీ గోలీలు మొదలుపెట్టాక బాగుందని మీకు మీరే మానేయవద్దు. బాగున్నది ఆ గోలీల వల్లే. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. పచ్చళ్లు, అప్పడాలు తగ్గిస్తే అది కష్టమేమీ కాదు.

ఒకవేళ మూతి వంకర పోయినా, ఒక చేయి ఎత్తలేకపోయినా, మాట తడబడినా మంత్రాలంటూ, పసరు మందంటూ తిరగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

విత్తే ముందు భూసార పరీక్ష చేయిస్తున్నాం. ఆ భూమిని దున్నే మనిషికి కూడా ఏడాదికోసారి పరీక్ష కావాలి. ఈసారి ఆశా మీ ఇంటికి వచ్చినప్పుడు ఇంటామెతో పాటు మీరూ చేయి చాపండి.