దూరం పెరిగింది, సమయం తగ్గింది: ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం కథ

ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎంత దూరం? దీనికి ఒకే జవాబు లేదు. భూగోళం మీద ఈ రెండు నగరాల మధ్య అతి తక్కువ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రాల మీదుగా పడమరకు వెళ్తే సుమారు 13,900. జపాన్ వైపుగా పసిఫిక్ మహాసముద్రం దాటుతూ తూర్పుకు వెళ్తే సుమారు 15,300.

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసును అట్లాంటిక్ దారిలో మొదలుపెట్టి, 2016 అక్టోబరులో పసిఫిక్ దారికి మార్చింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణ సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, 14.5 గంటలైంది. ఇదెలా సాధ్యం?

అతి దగ్గరి దారి ఏది?

గ్లోబు మీద ఈ రెండు నగరాలను కలుపుతూ ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. అది హిమాలయాలు, టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ ప్రాంతాల మీదుగా సాగుతుంది. ఇలా రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. అయితే, విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్ సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4 కిలోమీటర్లకు పైన! అందుకే విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని తప్పించుకుని వెళ్తాయి.

గాలి చేసే సాయం

నదిలో పడవ వాలుకు వెళ్తే త్వరగా, ఎదురు వెళ్తే ఆలస్యంగా గమ్యం చేరుతుంది. విమానానికి గాలే ప్రవాహం. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరవేసి, తమ దేశం పైనున్న ఈ గాలుల వేగాన్ని కొలిచారు.

లెక్క చూద్దాం. 15,300ను 14.5తో భాగిస్తే సగటు వేగం గంటకు సుమారు 1,055 కిలోమీటర్లు. ఇలాంటి విమానం నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లే వెళ్తుంది. మిగతాది గాలి ఇచ్చిన వేగం. పడమటి దారిలో అదే గాలి ఎదురవుతుంది. రెండు గంటలు ఆదా అయితే వేల లీటర్ల ఇంధనం, దాంతోపాటు వెలువడే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతాయి.

భూమి తిరగడం వల్లేనా?

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి విమానం త్వరగా చేరుతుందని కొందరు అనుకుంటారు. భూమధ్యరేఖ వద్ద నేల వేగం గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు. వాతావరణం కూడా నేలతో కలిసి తిరగకపోతే, తూర్పు వైపున్న నగరాన్ని విమానం ఎన్నటికీ అందుకోలేదు! భూభ్రమణం పాత్ర వేరు. భూమధ్యరేఖ, ధ్రువాల మధ్య ఉష్ణోగ్రతల తేడా వల్ల కదిలే గాలిని అది తూర్పుకు మళ్లిస్తుంది. జెట్ ప్రవాహాలు అలా ఏర్పడతాయి.

గడియారంతో జాగ్రత్త

శీతాకాలంలో శాన్ ఫ్రాన్సిస్కో సమయం మనకంటే 13.5 గంటలు వెనక ఉంటుంది. ఢిల్లీలో ఉదయం 4 గంటలకు బయలుదేరి, 14.5 గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే రోజు ఉదయం 5 గంటలకు దిగుతాం. టికెట్టు మీద తేడా గంటే కనిపిస్తుంది. అందుకే అసలు ప్రయాణ సమయం తెలియాలంటే ముందు రెండు సమయాలనూ ఒకే గడియారానికి మార్చుకోవాలి.